ఆదివారం చదరంగం లెక్క: సరిచూడాల్సింది డెస్కులో, పోటీ పెట్టాల్సింది గ్రంథాలయంలో

సంపాదకుల వారికి నమస్కారం.

భీమవరం పాఠకుడొకరు రాసిన ఉత్తరం మొన్న మీ పేజీలో చదివాను. ఫోనుతో ఫొటో తీస్తే జవాబు వచ్చేస్తున్న రోజుల్లో ఆదివారం అనుబంధంలో చదరంగం లెక్క దేనికి, ఆ జాగాలో రొయ్యల ధరలు వేస్తే పదిమందికి పనికొస్తుంది కదా అని ఆయన వాదన. రొయ్యల ధరలు వేసుకోండి, ఎవరొద్దన్నారు? పేపర్లో జాగాకు కరువా? కానీ అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది. మీరు వేసిన ఆరెత్తుల ఆటకట్టు లెక్క (నలుపు ఏం ఆడినా తెలుపు ఆరెత్తుల్లో నల్ల రాజును కట్టేయాలి) తప్పట. తన ఫోనులో ప్రోగ్రాము తొమ్మిదెత్తులు పడుతుందని చూపించిందట. మీరు కింద "పరిశీలిస్తున్నాం" అని ఒక్క ముక్క వేసి ఊరుకున్నారు. లెక్క తప్పు కాదండీ. ఆయన దాన్ని పట్టుకెళ్లి అడిగిన చోటే సరైంది కాదు. అది చెబుదామని ఈ ఉత్తరం. పనిలో పనిగా మీ మీద కూడా రెండు ఫిర్యాదులున్నాయి.

నేను మండపేటలో ఒక రైసుమిల్లు గుమస్తాని. కాటా చీటీలు, తేమ శాతాలు, లారీల లెక్కలు నా పని. దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో అన్నం తినడానికి కూడా తీరికుండదు. ఆ హడావుడి తగ్గి, కాలువలు కట్టేశాక సాయంత్రాలు కాస్త ఖాళీ దొరుకుతుంది. మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టు ఉంది. ఆ బల్ల మీద బోర్డు పెట్టుకుని మీ ఆదివారం లెక్క చేయడం నాకూ, లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయనకూ ఏళ్ల నాటి అలవాటు. ఆయన్ని అందరం బాబాయ్ అంటాం. కంప్యూటరు మాటెత్తితే బాబాయ్‌కి చిరాకు. నాకు ఆ పట్టింపు లేదు, పగలంతా దాని ముందే కూర్చుంటాను కాబట్టి అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కొంచెం తెలుసు.

భీమవరం పెద్దమనిషి ఫోనులో ఉన్నది బహుశా స్టాక్‌ఫిష్ అయి ఉంటుంది. ఊరికే దొరుకుతుంది, 2008లో మొదలై ఇప్పటికీ ఎంతోమంది కలిసి మెరుగుపరుస్తున్న ప్రోగ్రాము. దాని బలం గురించి రెండో మాట లేదు, ప్రపంచ చాంపియన్‌ను కూర్చోబెట్టినా ఓడిస్తుంది. అయితే దాన్ని రాసింది ఆట గెలవడానికి. ఆటలో ఆరో ఎత్తున రాజు చిక్కినా తొమ్మిదో ఎత్తున చిక్కినా దక్కేది ఒకటే పాయింటు. అందుకని తొమ్మిదెత్తుల్లో ఒక దారి కనపడగానే అది చూపించేస్తుంది. ఇంకా వదిలేస్తే వెతుకుతూనే ఉంటుంది, ఎనిమిది, ఏడు అంటూ తగ్గించుకుంటూ వస్తుంది కూడా. ఈయన టీ తాగేలోపు చూసి ఫోను జేబులో పెట్టుకుని ఉంటారు. లెక్కలో షరతు ఆరెత్తులు. గెలుస్తారా లేదా అని అక్కడ ఎవరూ అడగడం లేదు, ఆరెత్తుల్లో కట్టే దారి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మా మిల్లు భాషలో చెప్పాలంటే ఆడే ప్రోగ్రాము ధాన్యం కొనే షావుకారు లాంటిది. బస్తాలోకి గొట్టం గుచ్చి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, లోడంతటికీ రేటు చెప్పేస్తాడు. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఆ రేటు సరిపోతుంది. కానీ లోడులో ఎక్కడో ఒక్క బస్తాలో ఉంగరం పడిపోయింది, వెతికి పెట్టమంటే గొట్టంతో కుదరదు. ప్రతి బస్తా మూతి విప్పి గుమ్మరించాల్సిందే. ఆటకట్టు లెక్కలో మొదటి ఎత్తు ఆ ఉంగరం.

షావుకారు గొట్టం ఎక్కడ గుచ్చడో కూడా చెబుతాను. ఆడే ప్రోగ్రాములు సమయం మిగుల్చుకోవడానికి రెండు అడ్డదారులు తొక్కుతాయి. ఒకటి, చెక్ చెప్పే ఎత్తులు, పావు కొట్టే ఎత్తులు ముందు చూసి, చడీచప్పుడు లేని ఎత్తుల్ని చివరకు నెట్టి పైపైన చూస్తాయి. మంచి లెక్కల్లో మొదటి ఎత్తు సాధారణంగా చడీచప్పుడు లేనిదే. చెక్ చెప్పదు, దేన్నీ కొట్టదు, ఒక్కోసారి బలమైన పావును ఊరికే తీసుకెళ్లి అవతలివాడి నోట్లో పెడుతుంది. రెండోది ఇంకా తమాషా. అవతలివాడు ఎత్తు వేయకుండా ఊరుకుంటే ఏమవుతుందో చూస్తాయి. ఊరుకున్నా వాడికి నష్టం లేదని తేలితే "ఈ దారిలో పెద్ద ప్రమాదం లేదు" అని లోతుగా వెళ్లడం మానేస్తాయి. మామూలు ఆటలో ఇది చక్కని ఉపాయం. లెక్కల్లో మాత్రం చాలాసార్లు కీలకం అదే చోట ఉంటుంది: అవతలివాడు ఊరుకోగలిగితే బతికిపోతాడు, కానీ ఊరుకునే వీలు లేదు, ఏదో ఒక ఎత్తు వేసి తీరాలి, ఏది వేసినా కొంప మునుగుతుంది.

దీనికి మీరే గత నెల వేసిన లెక్క మంచి ఉదాహరణ. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ఆటగాడు పాల్ మోర్ఫీ పేరు మీద ప్రచారంలో ఉన్న రెండెత్తుల లెక్క అది. తెల్ల రాజు సి8లో (అక్షరం నిలువు వరసది, అంకె అడ్డు వరసది), ఏనుగు ఎ1లో, బంటు బి6లో. నల్ల రాజు ఎ8 మూలన, పక్కన బి8లో ఐమూలగా నడిచే శకటం, ముందు ఎ7లో, బి7లో రెండు బంట్లు. తెలుపు ఆడి రెండెత్తుల్లో కట్టాలి. అసలు లెక్క ఇదండీ. మీరు వేసింది ఇది కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

జవాబు: ఏనుగును ఎ6కి తోయడం. నల్ల బంటు నోటి ముందే. అక్కడినుంచి తెలుపుకి వెంటనే వేసే దెబ్బంటూ ఏమీ లేదు. నలుపు ఊరుకుంటే తెల్లవాడు చూస్తూ కూర్చోవాలి. కానీ ఊరుకోవడం కుదరదు కదా. ఎ7 బంటు కదలడానికి లేదు, కదిలితే రాజు ఏనుగు దారిలో పడతాడు. రాజుకి జాగా లేదు. మిగిలినవి రెండే. బి7 బంటుతో ఏనుగును కొడితే తెల్ల బంటు బి7కి దూకుతుంది, ఆటకట్టు. శకటం ఎటు కదిలినా ఏనుగు ఎ7 బంటును కొడుతుంది, ఆటకట్టు. ఈ లెక్క మొదటిసారి బోర్డు మీద పెట్టినప్పుడు బాబాయ్ ఏనుగును రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు గాల్లోనే ఉంచాడు. టీ కొట్టు కుర్రాడు ఆగలేక "అక్కడెడితే తినేత్తాడు బాబాయ్" అన్నాడు. "తిననీరా, తింటేనే కదా మన బంటు దూకేది" అని ఎ6లో పెట్టి, గ్లాసు అందుకున్నాడు.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. ఏనుగు ఎ6 దాకా వెళ్లకుండా ఎ2లో ఆగినా తెలుపే గెలుస్తుంది. అప్పుడు ఎ7 బంటుకి ఎ6కి దిగే వీలు దొరుకుతుంది కాబట్టి మూడెత్తులు పడుతుంది, అంతే తేడా. ఆటలో ఆ తేడాకి విలువ లేదు, లెక్కలో ఉన్నదంతా అదే. ఏడు పావుల ఇంత చిన్న లెక్కను ఏ ఫోనైనా కన్ను మూసి తెరిచేలోపు తేలుస్తుంది లెండి. బోర్డు నిండా పావులుండి, ఆరెత్తుల లోతులో ఇలాంటి మెలికే ఉంటే అప్పుడు తెలుస్తుంది అడ్డదారుల ఖరీదు.

అందుకని లెక్కలు చేయడానికే రాసిన ప్రోగ్రాములు విడిగా ఉన్నాయి. పోపై అని ఒకటుంది, అదీ ఉచితమే. హైనర్ మార్క్సెన్ అనే ఆయన రాసిన చెస్ట్ అని ఇంకొకటుంది. ఇవి ఆట ఆడవు, ఎవరి పరిస్థితి బాగుందో చెప్పవు. పోపైకి తెల్ల పావులు ఏ గడుల్లో, నల్ల పావులు ఏ గడుల్లో టైపు చేసి ఎన్నెత్తులో చెబితే చాలు. తెలుపు వేయగల ప్రతి ఎత్తూ, దానికి నలుపు ఇవ్వగల ప్రతి జవాబూ చూసుకుంటూ పోతుంది. నలుపుకి తప్పించుకునే జవాబు ఒక్కటి దొరికినా ఆ మొదటి ఎత్తును కొట్టేస్తుంది. అన్ని జవాబులకీ ఆటకట్టు దొరికితేనే ఒప్పుకుంటుంది.

ఇది ఎంత పనో లెక్క వేసి చూడండి, గుమస్తాని కాబట్టి ఈ భాగం నాకు సరదా. ఆట మధ్యలో ఒక స్థితికి సగటున 35 ఎత్తులుంటాయని అంటారు. రెండెత్తుల లెక్కంటే తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు: 35ని మూడుసార్లు గుణిస్తే 42,875. మూడెత్తులకు ఐదుసార్లు గుణించాలి, 5 కోట్ల 25 లక్షలు దాటుతుంది. నాలుగెత్తులకు సుమారు 6,434 కోట్లు. ఆరెత్తులంటే నా క్యాలిక్యులేటరు చేతులెత్తేసింది. అన్నీ చూస్తే ఏ కంప్యూటరూ చాలదు కాబట్టి వీటికీ ఉపాయాలున్నాయి, అయితే నమ్మకం చెడని ఉపాయాలు. చివరి ఎత్తు ఆటకట్టు కావాలంటే అది చెక్ అయి తీరాలి, కాబట్టి అక్కడ చెక్ కాని ఎత్తులు చూడక్కర్లేదు. వేరే వరసలో ఆడినా అదే స్థితి మళ్లీ వస్తే పాత జవాబు గుర్తుంచుకుని వాడుకుంటుంది. కొన్ని ప్రోగ్రాములైతే నలుపుకి తక్కువ జవాబులున్న దారిలోకి ముందు దిగుతాయి, తేలితే అక్కడే త్వరగా తేలుతుందని.

మీ ఆరెత్తుల లెక్కను నేను మిల్లు ఆఫీసు కంప్యూటరులో పెట్టాను. సాయంత్రం బిల్లులు ముగిశాక పోపైకి అప్పగించి, స్క్రీను ఆర్పి, తాళం వేసి వెళ్లిపోయాను. పొద్దున్న వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది: ఆరెత్తులే, మొదటి ఎత్తు ఒక్కటే, రెండో దారి లేదు. మీరు అచ్చేసిన జవాబూ అదే. ఆ కాగితం ప్రింటు తీసి దీనికి జతచేస్తున్నాను, భీమవరం వారికి చూపించండి. (కరెంటు ఖర్చు మా యజమానికి చెప్పలేదు. ఆయన మీ పేపరు చదవరు, రేడియో వింటారు.)

ఇక మీ మీద ఫిర్యాదు. మోర్ఫీ లెక్కను మీరు వేసినప్పుడు బి7లో నల్ల బంటు ఎగిరిపోయింది. బొమ్మలో ఆ గడి ఖాళీ. ఆ బంటు లేకపోతే తెల్ల బంటు బి7కి ఒక్కడుగు వేస్తే చాలు, అక్కడే ఆటకట్టు. రెండెత్తుల లెక్క ఒక్కెత్తుతో అయిపోయింది! బాబాయ్ పేపరు చూసి, బోర్డు చూసి, "ఇదేంట్రా, పిల్లల పేజీలో వెయ్యబోయి ఇక్కడేశారా" అన్నాడు. పోనీ అచ్చుతప్పు అనుకున్నాం. మరుసటి ఆదివారం సవరణ వస్తుందని చూస్తే "ఏనుగు ఎ6" అని జవాబు మాత్రం వేశారు, ఆ బంటు ఊసే లేదు. ఒక్కెత్తులో కట్టి పంపిన వాళ్లందరి జవాబులూ తప్పు కింద పోయాయి. మీ బొమ్మ ప్రకారం వాళ్లే రైటు. ఎ7 బంటు ఎగిరిపోయి ఉంటే ఇంకా బాగుండేది, తెలుపు ఆడాల్సిన వేళకి నల్ల రాజు అప్పటికే చెక్‌లో ఉండేవాడు, అలాంటి స్థితి ఆటలో రానే రాదు.

పేజీ ప్రెస్సుకి వెళ్లేముందు డెస్కులో ఒకరు ఆ బొమ్మ చూసి, పావుల గడులు టైపు చేసి, పోపై మీద ఒక్కసారి నడిపి ఉంటే క్షణంలో బయటపడేది. రెండెత్తుల లెక్కకు అంతకంటే పట్టదు. ఇది కొత్త సంగతి కూడా కాదు. డీట్రిచ్ ప్రింజ్ అనే ఆయన 1951లోనే మాంచెస్టరులో ఫెరాంటీ మార్క్ 1 అనే కంప్యూటరు మీద రెండెత్తుల ఆటకట్టు లెక్క చేయించాడు. దానికి పావుగంట దాకా పట్టింది. గది నిండే ఆ యంత్రం పావుగంటలో చేసిన పనిని ఇప్పుడు మీ డెస్కులో ఎవరి బల్ల మీదున్న కంప్యూటరైనా చిటికెలో చేస్తుంది. పాత పుస్తకాల్లోంచి తీసిన లెక్కలైతే మరీ సరిచూడాలి. కంప్యూటర్లు రాకముందు అచ్చయిన లెక్కల్లో, పేరున్నవాళ్లవి కూడా, రెండో దారి ఉన్నవీ అసలు దారే లేనివీ తర్వాత చాలా బయటపడ్డాయి.

రెండో ఫిర్యాదు బహుమతి గురించి. వాట్సాప్‌లో ముందుగా సరైన మొదటి ఎత్తు పంపిన ఐదుగురికి మీరు బహుమతి ఇస్తున్నారు. మా ఊరికి పేపరు కట్ట దిగేసరికి తెల్లగా తెల్లారిపోతుంది. ఇంటర్నెట్ ఎడిషన్ దానికి చాలాముందే వచ్చేస్తుంది. నిద్ర మానుకుని కూర్చున్నవాడు ఫొటో తీసి, ప్రోగ్రాముకి చూపించి, జవాబు పంపేసి పడుకుంటాడు. బస్సులో పేపరు చేతపట్టుకుని ఆలోచించేవాడికి ఐదుగురిలో చోటు ఎక్కడిది? ఈ పోటీలో గెలుస్తున్నది నెట్ స్పీడు. భీమవరం ఉత్తరంలో నాకు నచ్చిన మాట ఇదొక్కటే, ఆయన కోపానికి అసలు కారణం కూడా ఇదే అని నా అనుమానం.

మొదటి ఎత్తుకు బదులు పూర్తి జవాబు రాయమనండి, అప్పుడు మోసం కుదరదని మా మిల్లు యజమాని మనవడు సలహా ఇచ్చాడు. పదో తరగతి పిల్లవాడు, విజయవాడలో చెస్ కోచింగుకి వెళ్లొచ్చాడు. పక్కన గుడివాడ నుంచి కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు తెచ్చాక మా వైపు కూడా పిల్లల్ని చెస్‌లో పెట్టే తల్లిదండ్రులు పెరిగారు, మంచిదే. కానీ పిల్లవాడి సలహా పనిచేయదు. నలుపు ప్రతి జవాబుకీ ఏం చేయాలో, దగ్గరదాకా వచ్చి తప్పిపోయే ఎత్తులేమిటో, వాటిని నలుపు దేనితో తిప్పికొడుతుందో, ఇవన్నీ కూడా పోపై అడిగితే రాసి ఇస్తుంది. ఇంటి దగ్గర చేసే పోటీలో ఏ షరతు పెట్టినా దొంగను పట్టుకోలేరు.

కాబట్టి ఇంటి దగ్గర పోటీయే వద్దు. ప్రపంచ చదరంగం లెక్కల చాంపియన్‌షిప్ 1977 నుంచి జరుగుతోంది, దాని పద్ధతి చూడండి. అందరూ ఒక హాల్లో కూర్చుంటారు. ఎదురుగా బోర్డు, కాగితం, పెన్ను. మూడు రెండెత్తుల లెక్కలకి 20 నిమిషాలు. ఆ తర్వాత మూడెత్తులవి, ఇంకా పొడుగువి, ఆట చివరి ఘట్టాలవి, నలుపు కూడా సాయం చేసి తన రాజును తనే కట్టించుకునే హెల్ప్‌మేట్లు, విడివిడిగా వస్తాయి. జాన్ నన్ అనే ఇంగ్లీషు గ్రాండ్‌మాస్టరు మామూలు ఆటలో ఎంత పేరు తెచ్చుకున్నాడో ఇందులోనూ అంత తెచ్చుకున్నాడు, 2004, 2007, 2010లో వ్యక్తిగత టైటిలు ఆయనదే. అక్కడ లెక్కల్ని ముందుగా కంప్యూటరు మీద సరిచూడకుండా పెట్టడం ఊహించలేం. అదే కంప్యూటరు పోటీదారుడి దగ్గర దొరికితే ఇంటికే.

ఇదేమంత ఖర్చయ్యే వ్యవహారం కాదు. మండపేటలో, రామచంద్రపురంలో, అమలాపురంలో, పాలకొల్లులో, తణుకులో గ్రంథాలయాలున్నాయి. ఏడాదికి ఒక ఆదివారం ఉదయం, దాళ్వా ఒబ్బిడి అయిపోయాక, సార్వా నారుమళ్లు మొదలవకముందు, అన్ని చోట్లా ఒకే సమయానికి ఒకే కాగితం. ఫోన్లు గుమ్మం దగ్గర గోనెసంచిలో. బోర్డు ఎవరిది వారు తెచ్చుకుంటారు. ఇప్పుడు వారం వారం ఇచ్చే బహుమతి డబ్బులన్నీ కలిపి అక్కడ ఇవ్వండి. మిగతా ఆదివారాలు లెక్క మామూలుగానే వేయండి, బహుమతి లేకుండా. చేసేవాళ్లు చేస్తారు, ఫొటో తీసేవాడికి పొద్దున్నే లేచే పని తప్పుతుంది. జవాబు మాత్రం "ఏనుగు ఎ6" అని రెండు ముక్కలతో వదిలేయకుండా ఎందుకు అదో, పక్క గడిలో ఆగితే ఏమవుతుందో నాలుగు వాక్యాలు రాయండి. బాబాయ్ లాంటివాళ్లు చదివేది ఆ నాలుగు వాక్యాల కోసమే.

బాబాయ్‌ని అడిగితే పోటీకి వస్తానన్నాడు, కళ్లజోడు మార్పించుకోవాలట. బొమ్మలు కాస్త పెద్దవిగా వేయమని కూడా మీకు రాయమన్నాడు, నల్ల శకటానికీ నల్ల బంటుకీ తేడా తెలియడం లేదని.

డెస్కులో సరిచూసే మనిషి లేరంటారా, గురువారం లోపు పావుల గడులు రాసి మెయిలు చేయండి. మిల్లు కంప్యూటరు రాత్రిళ్లు ఖాళీయే. నడిపి చూసి, దారి ఒక్కటే ఉందో రెండున్నాయో శుక్రవారం పొద్దున్నకల్లా రాసి పంపుతాను. దాళ్వా దిగే రోజుల్లో మాత్రం ఒక రోజు ఆలస్యం కావచ్చు, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఒక రైసుమిల్లు గుమస్తా,
మండపేట.